ముల్లు ఎక్కడుంది

నవంబరు 9, గురువారం

కరా-బెల్ కనుమ మీద తొలి మంచు పడిందట. ఇక్కడ ఊళ్లో వానే.

బంగాళాదుంపల బస్తాలన్నీ నేలమాళిగలోకి దింపించాను. కుళ్లినవి ఏరి ఆవుకి పడేశాను. పిండి డబ్బా సగానికి వచ్చింది. గురువారం కాబట్టి మా అబ్బాయి ఎర్మెక్ పేరిట ఏడు రొట్టెలు నూనెలో కాల్చాను. కాగిన నూనె వాసన పోయినవాళ్లకి చేరుతుందంటారు. వాడికి అంచు మాడిన రొట్టె ఇష్టం. ఒకటి మాడ్చాను.

పొద్దు వాలేసరికి ఆయన లారీతో వచ్చారు. వెనకాల నీలం పొగ. ఇంజన్లోకి గాలి నెట్టే టర్బో మళ్లీ పోయింది. ఎండాకాలం నుంచి ఇది రెండోది. బొగ్గు లోడు దించేసి, ఇంజను నూనె పోసుకుంటూ పోసుకుంటూ ఇంటిదాకా తెచ్చారట.

ఇంటినిండా రెండు నూనెల వాసన. ఒకటి మాత్రమే వాడికి చేరితే బాగుండు.

నవంబరు 11

మెకానిక్ పిర్నజర్ అన్న వచ్చి మా వాకిట్లోనే టర్బో విప్పాడు. లోపలి కడ్డీ నా చేతికిచ్చాడు. దాని చుట్టూ నల్లటి పెచ్చు.

"ఇదేంటో తెలుసా చెల్లెమ్మా? నూనె. నీ మూకుడు అడుగున అంటుకుంటుందే, అదే ఇది." తర్వాత ఆయన వైపు తిరిగాడు. "షైలో, ఇంజను ఎక్కడ ఆపుతున్నావురా?"

"ఎక్కడా ఆపట్లేదు."

"ఆపకపోతే ఇలా మాడదు. కనుమ ఎక్కేసరికి టర్బో నిప్పుకణిక. ఇంజన్ని కాసేపు ఊరికే తిరగనిస్తే నూనె ఆడి చల్లబడుతుంది. టక్కున తాళం తిప్పావంటే ఉన్న నూనె ఉన్నచోటే మాడిపోతుంది. ముప్పై ఏళ్లు బండి తోలినోడికి ఇది నేను చెప్పాలా? నిన్ననే గాడిద దిగి లారీ ఎక్కావా?"

ఆయన నవ్వలేదు. స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి వరుసగా పెట్టారు.

నాకు తెలిసిపోయింది. మూడో మలుపు దాటగానే కాస్త చదునుగా ఉంటుంది. ఎర్మెక్ పేరు చెక్కిన నల్లరాయి అక్కడే ఉంది. పోయినవాళ్ల దగ్గర ఇంజను గుర్రుమంటుంటే దువా చదవరు. మా డ్రైవర్లెవరైనా అలాంటి చోట ముందు తాళం తిప్పి, ఆ తర్వాతే దిగుతారు. అంత ఎత్తు ఎక్కించి, ఎర్రగా కాలుతున్న ఇంజన్ని ఆయన ప్రతిసారీ అక్కడ ఆపేస్తున్నారు.

అక్కడ ఆగనని, తల కూడా తిప్పనని నాతో అన్నారు. బస్సులో వెళ్లేటప్పుడు నేనూ అటు చూడనని ఆయనతో అన్నాను.

నవంబరు 12

అడగలేదు.

నవంబరు 20

ఆయన బిష్కెక్ వెళ్లి పాత సామాన్ల బజారు నుంచి వేరే టర్బో తెచ్చారు. గొర్రె తలకాయంత ఉంది. పాతది దీనిలో సగం. రెండు మీటర్లు కూడా తెచ్చారు. ఒకటి గాలి ఒత్తిడికి, ఒకటి ఇంజన్లోంచి వచ్చే పొగ వేడికి.

"ఇంతది ఎందుకురా?" అన్నాడు పిర్నజర్ అన్న. "పాతదానికే కొత్త కడ్డీ వేస్తే పోయేదానికి."

"ఇదే బిగించు."

"ఇది బిగిస్తే గాలి ఎక్కువ. గాలికి తగ్గట్టు డీజిల్ కూడా ఎక్కువ పోయాలి, లేకపోతే దండగ. పంపు మీద స్క్రూ విప్పాలి. నువ్వేమో బిగించు బిగించు అని నా ప్రాణం..."

అక్కడితో ఆగిపోయాడు. టీ గిన్నె ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఎర్మెక్ అడిగింది ఇదే. రెండేళ్ల కిందటి శరదృతువులో, ఈ బల్ల దగ్గరే. "నాన్నా, మూడో మలుపులో బండి ఊపిరి వదిలేస్తోంది. పెద్ద టర్బో వేద్దాం, స్క్రూ విప్పుదాం" అన్నాడు. "నీకింకా మీసమే సరిగ్గా రాలేదు, నా ఇంజనుకి ఊపిరి తీయడం నేర్పుతావురా?" అన్నారు ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు, పొగ నల్లగా వస్తోందని ఆయన ఆ స్క్రూని ఇంకొంచెం బిగించారు. డీజిల్ తగ్గింది. బండి బలమూ తగ్గింది.

ఫిబ్రవరిలో ఆయన నడుం పట్టేస్తే లోడుతో ఎర్మెక్ వెళ్లాడు. మూడో మలుపులో బండి లాగలేకపోయింది. మంచు మీద గేరు మార్చాల్సి వచ్చింది. బండి వెనక్కి జారింది.

ఇంతకంటే రాయను.

డిసెంబరు 3

ఆడపడుచు బత్మా వచ్చింది. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"క్యాబిన్ కొత్తది వేసినంత మాత్రాన బండి కొత్తదవుద్దా? ఆ శవపెట్టెని అమ్మేయరా అంటే దానికి మళ్లీ నగలు చేయిస్తున్నావు."

"నగలు కాదక్కా. టర్బో."

"ఏదో ఒక బో. ఒరేయ్ తమ్ముడూ, వాడి రాత అంతవరకే రాసుంది."

"రాత అని తేలితే నాకు చాలు" అన్నారు. నెమ్మదిగానే అన్నారు. "వాడు అడిగినట్టే చేసి చూస్తా. అదే లోడు, అదే మలుపు. స్క్రూ కొంచెం కొంచెంగా విప్పుతూ ఇంజను తట్టుకున్నంతవరకు వెళ్తా. అప్పుడు కూడా గేరు మార్చకుండా ఎక్కకపోతే అది రాత. ఎక్కిందంటే నా చెయ్యి."

"ఎక్కితే ఏం చేస్తావురా?"

ఆయన లేచి లారీ దగ్గరికి వెళ్లిపోయారు. బత్మా నా వైపు చూసింది. నేను టీలో పాలు పోశాను. అప్పటికే పోసి ఉన్నానని తర్వాత చూసుకున్నాను.

డిసెంబరు 9

"నువ్వు కూడా రావాలి" అన్నారు. "నేను రోడ్డు చూడాలి. వేడి ముల్లు ఎక్కడుందో నువ్వు చెబుతుండాలి."

"నాకేం తెలుసు మీటర్ల సంగతి?"

"గడియారం చూడ్డం వచ్చుగా ముసలీ. అంతే."

డిసెంబరు 10

పద్నాలుగు టన్నుల బొగ్గు. స్క్రూ వాడు పోయిన రోజు ఎలా ఉందో అలాగే. ముందు ఇది చూడాలన్నారు. రోడ్డు పొడిగా ఉంది.

మొదటి మలుపు బాగానే. రెండోది కూడా. "ముల్లు ఎక్కడుంది?" అని అడుగుతూనే ఉన్నారు. "నాలుగు వందల యాభై. నాలుగు వందల ఎనభై." మూడో మలుపులోకి తిరగగానే గాలి ముల్లు కిందకి పడిపోయింది. ఇంజను గొంతు మారిపోయింది. మూడో గేరు నుంచి రెండుకి మార్చారు. మార్చే ఆ ఒక్క క్షణం బండి ఏ పట్టూ లేకుండా ఉంటుంది. ఇన్నేళ్లు లారీ మీద బతికిన ఇంటిదాన్నే, ఆ క్షణం నాకు ఈ రోజే తెలిసింది.

"ఇక్కడే" అన్నారు.

చదునులో ఆపి తాళం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"పిర్నజర్ అన్న ఏం చెప్పాడు?"

"వాడి ముందు ఇంజను మోగించమంటావా?"

"మీరు దిగండి. నేను బండిలో ఉంటాను. బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటాను."

దిగారు. వేడి ముల్లు మెల్లగా దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. అద్దంలో ఆయన టోపీ కనిపించింది. నేను రాయి దగ్గరికి వెళ్లలేదు. ఇంజను నడుస్తుండగా బండిని వదిలి ఎలా వెళ్తాను. అందుకే వెళ్లలేదు.

డిసెంబరు 19

స్క్రూ పావు చుట్టు విప్పారు. అయిదు వందల ఇరవై. మూడో మలుపులో గేరు మార్చారు.

డిసెంబరు 28

అర చుట్టు. అయిదు వందల డెబ్భై. మార్చారు. కానీ ఇంతకుముందుకంటే చాలా పైన మార్చారు.

పెద్ద టర్బో కదా, మలుపులో వేగం తగ్గగానే నిద్రపోతోంది, లేపడానికి టైము పడుతోంది అన్నాడు పిర్నజర్ అన్న. "నీలాగేరా షైలో, ఒళ్లు పెద్దది, లేవడం ఆలస్యం." మలుపుకి ముందే కాలు గట్టిగా నొక్కి ఉంచమన్నాడు. ఆయన నవ్వారు. చాలా రోజులైంది ఆ పళ్లు చూసి.

జనవరి 12

ఆయన పొయ్యి గొట్టం మార్చారు. కొట్టం కప్పు బాగుచేశారు. నీళ్ల పంపు గడ్డకడితే ఎలా కరిగించాలో నాకు చూపించారు. పొలం కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో కూడా చూపించారు. నాకు తెలుసు. ఆ పెట్టె సర్దింది నేనే.

రెండు కుప్పల బొగ్గు తెచ్చి పోశారు. చలికాలానికి మా ఇంటికి ఎంత బొగ్గు పడుతుందో నాకు తెలుసు. ఇది వచ్చే చలికాలానికి కూడా సరిపోతుంది. "ఇంతెందుకు, వచ్చే ఏడు మీరు తేరా?" అన్నాను.

"ఉండనీ" అన్నారు.

జనవరి 13

ఉండనీ అన్నారంతే. బొగ్గు చవగ్గా దొరికి ఉంటుంది.

జనవరి 25

ముప్పావు చుట్టు. ఆరు వందల పది. మలుపు దాదాపు అయిపోయింది. చివరి నాలుగు గజాల్లో మార్చాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక పిర్నజర్ అన్న మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టాడు. "ఇంకొక్క పావు చుట్టు విప్పుతా. అంతే, ఆ తర్వాత నన్ను అడగొద్దు. ఏడు వందలు దాటిందంటే పిస్టన్లు మైనంలా కరుగుతాయి. చెల్లెమ్మా, ముల్లు ఏడు వందలు తాకగానే అరువు. షైలో, ఆవిడ అరవగానే కాలు తీసెయ్. మొగుడూ పెళ్లాలు అక్కడ వాదించుకోకండి."

"ఏడు వందలే హద్దు" అన్నారు ఆయన. "అది దాటితే ఇక ఎవరివల్లా కాదని లెక్క."

పావు చుట్టుకి వేడి ఎంత పెరుగుతోందో మూడుసార్లు చూశాను. లెక్క కడితే ఆరు వందల యాభై, అరవై మధ్య ఆగాలి. హద్దు దాటదు. బలం కూడా అలాగే పెరుగుతోంది.

వచ్చేసారి ఎక్కుతుంది.

ఫిబ్రవరి 1, గురువారం

రొట్టెలు కాల్చాను. ఏమీ మాడలేదు.

ఫిబ్రవరి 6

ఈ రోజు చూశాం. ఏడు వందల ముప్పై. ఎక్కలేదు.

ఫిబ్రవరి 7

నిన్న రాసింది తప్పు.

రోడ్డు మీద పల్చటి మంచు. ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉందన్నారు. బొగ్గు గని దగ్గర బయల్దేరినప్పటి నుంచి ముల్లు సంగతి తప్ప వేరే మాట లేదు. నల్ల కోటు వేసుకుని వచ్చారు, పనికి ఎప్పుడూ వేసుకోనిది.

మూడో మలుపుకి ముందే కాలు అదిమారు. సీటు నా వీపుని ముందుకి తోసింది. అంత బరువుతో ఆ బండి అలా లాగడం నేనెప్పుడూ చూడలేదు. మలుపు సగం అయింది. గాలి ముల్లు పడిపోలేదు. ఇంజను గొంతు కూడా మారలేదు.

"ముల్లు ఎక్కడుంది?"

ముల్లు ఆరు వందల యాభై దగ్గర కదలకుండా ఉంది.

ఆయన వైపు చూశాను. రోడ్డు చూస్తున్నారు. ఇంకొక పది గజాలు వెళ్తే ఆయనకి జవాబు దొరుకుతుంది. బొగ్గు కుప్పలు, పొలం కాగితాలు, ఈ నల్ల కోటు, అన్నీ ఆ జవాబు కోసమే సిద్ధం చేసి పెట్టుకున్నవి.

"ఏడు వందల ముప్పై" అన్నాను. "తీసెయ్యండి. కాలు తీసెయ్యండి."

తీశారు. బండి ఒక్కసారి కుంగింది. రెండో గేరు వేశారు. చక్రాలు మంచు మీద కాస్త తిరిగాయి, పట్టుకున్నాయి. మెల్లగా పాక్కుంటూ పైకి చేరాం.

చదునులో ఆగాక ఆయన దిగలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి.

"అయితే కాదు" అన్నారు.

"కాదు."

"వాడు అడిగినట్టు చేసినా ఎక్కేది కాదు."

"ఎక్కేది కాదు" అన్నాను.

అప్పుడు ఏడ్చారు. పాతిపెట్టిన రోజున కూడా ఆచారం ప్రకారం మగవాళ్లతో నిలబడి గట్టిగా ఏడవని మనిషి. నేను మీటరు వైపు చూస్తూ కూర్చున్నాను. వేడి తగ్గేదాకా ఇంజను నడవాలి కదా.

ఫిబ్రవరి 10

మూడు పూటలా తింటున్నారు. కొట్టంలో ఏదో ఈల వేస్తుంటే వినిపించింది. రెండో బొగ్గు కుప్పని బత్మా ఇంటికి పంపించేశారు. "మనకెందుకు అంత" అన్నారు.

నేను చేసింది మంచిదే. ఇంకేం కావాలి.

ఫిబ్రవరి 15, గురువారం

ఎర్మెక్ పోయి రెండేళ్లు. ఒక గొర్రెని కోయించాం. డ్రైవర్లంతా వచ్చారు. నేను మాంసం వడ్డిస్తున్నాను.

ఎర్మెక్‌తో పాటు లోడ్లు తోలిన కల్మత్ అన్నాడు, "ఆ ఏడంతా ఒకటే పాట బాబాయ్. పెద్ద టర్బో వేస్తే మూడో మలుపు కళ్లు మూసుకుని ఎక్కుతానని."

"కుర్రతనం" అన్నారు ఆయన. ప్రేమగానే అన్నారు. "కుర్రాళ్లకి ఏదైనా పెద్దదైతే చాలు, పనవుద్దనుకుంటారు. మొన్న అంతా చేసి చూశాం. కాలేదు. మావాడు పొరబడ్డాడు."

"నిజంగా చూశావా బాబాయ్?"

"పిన్నిని అడుగు. ముల్లు చూసింది ఆవిడే."

అందరూ నా వైపు తిరిగారు. చేతిలో పళ్లెం ఉంది.

"అవును" అన్నాను.

ఎవరో నవ్వారు, బాధ పెట్టడానికి కాదు, చచ్చిపోయిన పిల్లాణ్ణి తలుచుకుని నవ్వే నవ్వు. ఎంత మొండివాడో, ఎన్ని వింత ఆలోచనలో అని. వాడు అడిగింది సరైనదే. అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వాణ్ణి కన్నదాన్ని, వాడు పొరబడ్డాడని అందరి ముందూ చెప్పాను.

ఫిబ్రవరి 17

"సోమవారం నుంచి లోడ్లు తోలతా" అన్నారు. "పిర్నజర్‌కి చెప్పాను, స్క్రూ మళ్లీ పాత చోటికి బిగించమని. పనికిరానిదానికి డీజిల్ తగలెయ్యడం ఎందుకు?"

కనుమ మీద రెండు రోజులుగా మంచు గట్టిపడుతోందని రేడియోలో చెప్పారు.

ఇది నాకు తట్టలేదు. అన్నీ ఆలోచించాననుకున్నాను. ఇది తట్టలేదు.

ఫిబ్రవరి 18

పిర్నజర్ అన్న షెడ్డుకి వెళ్లాను. నన్ను చూడగానే రేడియో కట్టేశాడు.

"స్క్రూ బిగించావా అన్నా?"

"ఇప్పుడే బిగించబోతున్నా. వాడి ఆజ్ఞ."

"బిగించకు."

పాత గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "టర్బో మూతి విప్పి చూశా చెల్లెమ్మా. ఏడు వందల ముప్పై చూసిన ఇనుము అలా ఉండదు."

"ఎవరికైనా చెప్పావా?"

"ఈ ఊళ్లో నాకు టీలో పాలు దండిగా పోసేది నువ్వొక్కదానివే. చెప్పి అది కూడా పోగొట్టుకోనా?" తర్వాత నవ్వు ఆపేశాడు. "వాడు డ్రైవరు. పంపు ఎలా ఉందో కాలి కింద తెలిసిపోతుంది. మూడో మలుపులో మరీ తెలుస్తుంది. నువ్వు ఏం చేశావో కూడా తెలుస్తుంది."

"తెలియనీ."

"తెలిశాక వాడు ఏం చేస్తాడో?"

"తెలియదు. కానీ ఊపిరి లేని బండితో ఆ మంచు మీదికి ఇంట్లోంచి రెండో మనిషిని పంపలేను. వాడు అడిగినట్టే ఉంచు అన్నా. ఎర్మెక్ అడిగినట్టు."

అతను స్పానర్ని పెట్టెలో పడేశాడు.

ఫిబ్రవరి 19, సోమవారం

పొద్దున్నే వెళ్లారు. నల్ల కోటు వేసుకోలేదు. నేను ఏమీ చెప్పలేదు. గేటు దగ్గర నిలబడి, లారీ మలుపు తిరిగేదాకా చూశాను.

చేసిన పనులు: కిటికీలు తుడిచాను. ఉన్ని విప్పి మళ్లీ చుట్టాను. కిటికీలు తుడిచాను. మధ్యాహ్నం అన్నం తినలేదు. లోడు దించి రావడానికి సాయంత్రం అవుతుంది. అంతకుముందు రావడానికి వీల్లేదు. రాకపోతే కంగారు పడాల్సిన పని లేదు.

వచ్చారు.

బండి చప్పుడు విని కూడా బయటకి వెళ్లలేదు. చారు పొయ్యి మీద పెట్టాను. ఆయన బయటే చేతులు కడుక్కుని, చాలాసేపు కడుక్కుని, వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. చారు గిన్నె ముందు పెట్టాను. చెంచా ముట్టుకోలేదు.

"మూడో మలుపులో గేరు మార్చలేదు" అన్నారు.

నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"మంచు గాజులా ఉంది. మూడులోనే ఎక్కేసింది. ఎక్కిందని నాకు తెలిసేలోపే పైన ఉన్నా." చారు గిన్నె కాస్త పక్కకి జరిపారు. "అక్కడ చాలాసేపు ఉన్నా. మనసులో ఏవేవో వచ్చాయి. లోయ పక్కన నిలబడి అన్నీ రానిచ్చా. తర్వాత వాడికి చెప్పా, నువ్వు చెప్పిందే నిజంరా, మీ నాన్నే మూర్ఖుడు అని. రేపు కల్మత్‌కి కూడా చెప్పాలి. అందరి ముందూ అన్నాగా ఆ మాట."

తల ఎత్తలేదు. ఎదురుగా కూర్చున్నాను. నా చేతులు బల్ల మీద ఉన్నాయి. ఆయన వాటినే చూస్తున్నారు.

"నీకు ముల్లు చూడ్డం రాదు ఊల్కాన్" అన్నారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం చాలా తక్కువ.

"రాదండీ" అన్నాను.